ఇమాం సాబ్ ముక్కూ కరీమున్నీసా అనుమానమూ

మొగుడు కూర బాగుందన్నాడని కూర్చోని ఏడ్చిన ఆడమనిషి ఆదోనిలో ఎవరన్నా ఉండాదంటే, అది కరీమున్నీసా ఒక్కతే. నవ్వేటోళ్లు ఇప్పుడే నవ్వుకోండి. కథ సగానికొచ్చినాక నవ్వొస్తాదో రాదో చెప్పలేం.

రణమండల కొండ కింద, పత్తి మిల్లు గోడెంబడే పోయి సందులోకి తిరిగితే పచ్చ తలుపుల ఇల్లు వాళ్లది. మొగుడు ఇమాం సాబ్, పెండ్లిళ్లకు బిర్యానీ వండే మేస్త్రీ. ఇంటి ముందర బోర్లించిన దేగులుంటాయి చూడండి. దేగంటే రాగి గుండిగ, ఇద్దరు పిల్లోళ్లు దాంట్లో దూరి దాగుడుమూతలాడుకోవచ్చు, అంతది. ఆదోని నుంచి కౌతాళం దాకా, ఈయన వండిన పెండ్లిలో పెండ్లికొడుకు మొగం మర్చిపోయినోళ్లుంటారు గానీ బిర్యానీ మర్చిపోయినోళ్లు లేరు.

ఆయన పనంతా ముక్కుతోనే. నాలిక మీద ఏసుకోని చూసేది లేదు. ఎందుకంటే పని నేర్చుకున్నది మసీదు కాడ, రంజాన్ నెలలో. పొద్దుగూకినాక ఉపవాసమిడిచేటోళ్లకు అంతంత గుండిగల్లో గంజి కాయాల. కాసేటోడు కూడా ఉపవాసమే, చుక్క నోట్లో ఏసుకోకూడదు. ఇంగ ఉప్పు చాలిందో లేదో ఎట్ల తెలియాల? వాళ్ల ఉస్తాదు నేర్పిచ్చినాడు. మూత రవ్వంత జరిపి, ఆవిరిని అరచేత్తో మొగం మీదికి తోసుకోని, కండ్లు మూసుకోని పీల్చాల. "ఉప్పుకు వాసనేంది సాబ్?" అని ఎవరన్నా అడిగితే, "ఉప్పు తగిలిన మసాలా వాసన వేరే, తగలని మసాలా వాసన వేరే" అనేటోడు. ఉస్తాదు ఇంకోటి కూడా చెప్పినాడు, దేగు కాడ నిలబడేటోడు అత్తరు పూసుకోకూడదని. పండగ రోజు కూడా ఇమాం సాబ్ చెవిలో అత్తరు దూది పెట్టుకోడు. అది గుర్తు పెట్టుకోండి, ముందర పనికొస్తాది.

బయట జనానికి ఆ ముక్కు గొప్పదే. ఆ ముక్కుతో కాపురం చేసిందెవరు? కరీమున్నీసా. సందు మలుపు కాడ చెప్పులు తట్టకముందే గొంతు వినపడేది: "మే, అల్లం ముదురుది ఏసినావు." "మే, ధనియాలు మాడబెట్టినావు." పెండ్లయినప్పటి నుంచి ఒక్క పూట బాగుందనిన పాపాన పోలే. అత్త ఉన్నన్నాళ్లు అత్త వంక పెట్టేది. ఆమె వంటింట్లోకి వస్తాంటే కరీమున్నీసా తల మీదికి కొంగు లాక్కోని నిలబడేది. అత్త పోయినాక ఆ ఉద్యోగం మొగుని ముక్కుకొచ్చింది. అందుకే ఆ ముక్కుకు ఆమె "అత్తమ్మ" అని పేరు పెట్టుకున్నాది. పక్కింటి హులిగమ్మతో అనేది: "మా అత్తమ్మ యాడికీ పోలేదే, మా ఆయన మొగం మీదనే కూర్చోనుండాది."

మొన్న పత్తి కాలంలో అయ్యింది ఆ యాక్సిడెంటు. ఎమ్మిగనూరులో పెండ్లికి వండి, దేవేంద్రప్ప కారులో తిరిగొస్తాండాడు ఇమాం సాబ్. దేవేంద్రప్పది కౌతాళం, బాడుగ కారు తోలుతాడు, ఎప్పుడూ ఇద్దరూ జతే. మసకేళ. కోటేకల్ దాటినాక రోడ్డు మీద పత్తి మూటలేసుకోని ట్రాక్టరు ఆగుంది, ఎనక లైటు లేదు. దేవేంద్రప్పకు చెయ్యి ఇరిగింది. ఇమాం సాబ్‌కు కాలు ఇరిగింది, తల పోయి అద్దానికి కొట్టుకున్నాది.

కర్నూలు ఆసుపత్రిలో తెలివి లేకుండా పండుకోనుంటే, గుంతకల్లు నుంచి కూతురు ఫర్జానా వచ్చి "అమ్మీ, రవ్వంత తినే" అన్నా కరీమున్నీసా పచ్చి నీళ్లు ముట్టలే. "యా అల్లా, ఆ మనిషిని ఇచ్చేయ్. జీవితమంతా నా వంటను తిట్టినా సరే, ఇచ్చేయ్" అని అడుక్కున్నాది. కండ్లు తెరిచినాడు. ఇంటికొచ్చినాడు. ముందర నాలుగు కాళ్ల ఇనుప చట్రం పట్టుకోని, తర్వాత చేతికర్ర పట్టుకోని నడిచినాడు. జనం వచ్చి చూసి, దేవుడిచ్చిన రెండో పుట్టుకన్నారు. అంతా బాగానే ఉండె.

అయితే ఇంటికొచ్చిన మొదటి పూట పప్పు అన్నం పెడితే తిని, మూతి తుడుచుకోని, "బాగుందే" అన్నాడు.

ఆసుపత్రి గంజి తాగి తాగి వచ్చినాడు పాపం అనుకున్నాది. మరుసటి రోజు వంకాయ కూర. "బాగుందే." ఆ మరుసటి రోజు చేపల కూర రవ్వంత అడుగంటింది, ఇల్లంతా కమురు. ఆమె భయపడుకుంటా పెట్టింది. "శానా బాగుందే" అన్నాడు.

అప్పుడు మొలిచింది కరీమున్నీసా మనసులో అనుమానం. గోడ కాడికి పోయి పిలిచింది.

"మే హులిగమ్మా, మా ఆయన నా కూర బాగుందంటాండాడే."

హులిగమ్మ పత్తి మిల్లులో పనికి పోతాది. మాట కటువు, మనసు మెత్తన. చేతిలో చేట కింద పెట్టి, గోడకానుకోని నిలబడింది.

"ఎన్నాళ్ల నుంచక్కా?"

"ఇంటికొచ్చినప్పటి నుంచి."

"రోజూనా?"

"రోజూ."

"అయితే ఏందో ఉండాది" అని తేల్చేసింది హులిగమ్మ. "మా ఇంటాయన నాకు మల్లెపూలు తెచ్చిన రోజే కదక్కా నాకు తెలిసింది, ఆలూరులో ఇంగో సంసారం పెట్టినాడని. తప్పు సేసిన మగోడే పెండ్లాన్ని పొగుడుతాడు. ఒట్టి మగోడు యాడ పొగుడుతాడు?"

"ఛీ, చావు నోట్లో నుంచి వచ్చినోడే."

"వస్తే? సావు నుంచి వచ్చినోళ్లకే ఆశలెక్కువ."

ఆ మాట విని పారేసి ఉంటే ఈ కథే లేదు. కరీమున్నీసా పారేయలే. రవ్వంత పరీక్ష చేద్దామనుకున్నాది. ఇమాం సాబ్‌కు ఖీమా అంటే ప్రాణం. ఆ రోజు ఖీమాలో పుదీనా ఎయ్యలే, కొత్తిమీర ఎయ్యలే, చెక్క, లవంగం, ధనియాల పొడి ఏదీ ముట్టలే. ఉప్పు, కారం ఏసి ఉడకబెట్టి ముందర పెట్టింది. ఎనకటి రోజులైతే అన్నం తట్ట గోడకు తగిలేది.

ఇమాం సాబ్ కండ్లు మూసుకోని ఆవిరి పీల్చినాడు. రొట్టె తుంచి అద్దుకోని తిన్నాడు.

"పుదీనా వాసన అదిరిపోయిందే కరీమా" అన్నాడు.

అంతే. కరీమున్నీసా వంటింట్లోకి పోయి, పొయ్యి గట్టుకానుకోని కూర్చోని, కొంగు నోట్లో కుక్కుకోని ఏడ్చింది. ఇన్నేండ్లలో తిట్టినాడే గానీ అబద్ధం చెప్పలేదా మనిషి. ఇప్పుడు లేని పుదీనాను పొగుడుతాండాడు. మనసు ఇంట్లో ఉంటే కదా, తినేది ఏందో తెలియడానికి? నేను దువా చేసి తెచ్చుకుంటే పంచుకునేది ఇంకొకతా?

ఇంగ చూడండి, అనుమానానికి ఒక్కసారి కండ్లొస్తే అన్నీ కనపడతాయి. చేతికర్రతో నడక కుదిరినప్పటి నుంచి ఇమాం సాబ్ ఎమ్మిగనూరుకు పోతాండాడు. పోయిన శుక్రవారం, అంతకుముందు శుక్రవారం, నమాజు అయ్యేదే ఆలస్యం, బస్సెక్కేది. అడిగితే "యాక్సిడెంటు కేసు మే, దేవేంద్రప్ప రమ్మంటాండాడు" అనేటోడు. కాలు చూపిచ్చుకునే డాక్టరు ఆదోనిలోనే ఉండాడు. ఎమ్మిగనూరులో ఏముంది?

అట్ల అనుకుంటాండంగానే ఒకరోజు దేవేంద్రప్పే వచ్చినాడు, సంచిలో జొన్నలు మోసుకోని. ఇమాం సాబ్ బయటికి పోయినాడు.

"ఏం వదినా, అన్న ఎట్లుండాడు? నా చెయ్యి ఇప్పుడు లేస్తాంది, వచ్చి సూసి పోదామని వచ్చినా."

"నువ్వే కదప్పా వారం వారం చూస్తాండావు, ఎమ్మిగనూరులో."

దేవేంద్రప్ప నోరు తెరిచినాడు. "నేనా? ఆసుపత్రిలో సూసిందే వదినా కడ సూపు. ఎమ్మిగనూరు దిక్కే నేను పోలే, ఆ రోడ్డు సూస్తేనే ఒళ్లు వణుకుతాంది."

కరీమున్నీసా టీ గ్లాసు తెచ్చి ముందర పెట్టింది. "అట్లనా" అని మాత్రం అనింది. "టీ తాగప్పా, చక్కెర చాలిందా?"

ఆ సాయంత్రం ఇమాం సాబ్ స్నానానికి పోయినాడు. ఆమె అంగీ జేబులో చెయ్యి పెట్టింది. ఎప్పుడూ పెట్టలే, ఆ రోజు పెట్టింది. నశ్యం డబ్బా ఒకటి తగిలింది. ఈయన నశ్యం పీల్చడే, ముక్కు పాడైతాదని. మూత తీసింది.

లోపల ఎండిన నిమ్మకాయ తొక్క. లవంగాలు. నీలగిరి తైలంలో ముంచిన దూది. ఇంకో దూది ఉండ తీసి ముక్కు కాడ పెట్టుకున్నాది. గులాబీ అత్తరు!

దేగు కాడ నిలబడే మనిషి. పండక్కు కూడా పూసుకోని మనిషి. జేబులో గులాబీ అత్తరు.

గోడ కాడికి పరిగెత్తింది. హులిగమ్మ డబ్బా తీసుకోని, వెలుతురుకు పెట్టి, ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు చూసింది.

"అక్కా, ఇది ఉత్త యవ్వారం కాదు. నిమ్మకాయ, లవంగాలు, అత్తరు. ఇంగేం కావాల? మందు పెట్టినారు."

"మందా?"

"మగోన్ని తిప్పుకునే మందు. హొళగుంద తావ ఒగడు కడతాడంట ఇట్లాంటివి. ఇది జేబులో ఉన్నన్నాళ్లు ఆ మనిషికి మనం ఏం పెట్టినా కమ్మగనే ఉంటాది. మనసు ఆడ, నాలిక ఈడ."

"మరి నీలగిరి తైలం?"

హులిగమ్మ ఒక్క గడియ ఆలోచన చేసింది. "అది మందు వాసన మనకు తెలియకుండా."

"అస్తగ్‌ఫిరుల్లా. మాలో ఇట్లాంటివి నమ్మకూడదే."

"మీలో నమ్మకూడదు. నాకేం? ఇట్ల తే, నేను పారేస్తా. మూడు దోవలు కలిసే కాడ ఎడం చేత్తో పారేసి ఎనక్కి సూడకుండా రావాల."

నమ్మకూడదంటానే కరీమున్నీసా డబ్బా ఇచ్చేసింది. ఎట్లుంటాది చూడండి మనిషి మనసు. నమ్మకపోయినా, పోతే పోనీ అనిపిస్తాది. హులిగమ్మ ఎడం చేత్తో పారేసొచ్చింది.

ఆ రోజంతా ఇమాం సాబ్ ఎతికిందే ఎతికింది. అంగీలు దులిపినాడు, పరుపు ఎత్తినాడు, కర్రతో మంచం కిందంతా గెలికినాడు.

"ఏం పోయిందప్పా?" అని అడిగింది కరీమున్నీసా, బియ్యం ఏరుకుంటా.

"ఏం లే."

"ఏం లేకపోతే మంచం కింద ఏం చేస్తాండావు?"

"చెప్పు ఎతుకుతాండా."

"కాళ్లకుండాయి కదా రెండూ."

ఇమాం సాబ్ కాళ్ల దిక్కు చూసుకున్నాడు. "అవునే" అని మంచం మీద కూర్చున్నాడు. మందు పోయినందుకు ఇంత దిగులా, అనుకున్నాది ఆమె.

శుక్రవారమొచ్చింది. నమాజు చేసొచ్చి, "కేసు మే" అని బస్టాండుకు పోయినాడు. ఆయన అట్ల సందు దాటంగానే ఈమె పెట్టె తెరిచింది. ఫర్జానా తెచ్చిచ్చిన కొత్త బురఖా ఉంది, ఇంతవరకు తొడుక్కోలే, ఆయన చూడలే. తొడుక్కోని, మొగం మీదికి ముసుగు దించుకోని, ఆటోలో బస్టాండుకు పోయి అదే బస్సు ఎనక తలుపు నుంచి ఎక్కింది. కూర్చోను తావు దొరికింది కూడా యాడ? సరిగ్గా ఆయన ఎనక సీటు.

ఆ బురఖా పెట్టెలో కలరా ఉండల మధ్య మడిచి పెట్టింది. కండక్టరు కూడా టికెట్టిస్తా ముక్కు రుద్దుకున్నాడు. పక్కనున్న పెద్దమ్మ తుమ్మింది. కరీమున్నీసా ముసుగు గట్టిగా పట్టుకోనుండాది, ఇప్పుడు తిరుగుతాడు, ఇప్పుడు తిరుగుతాడు, "ఏం మే, కలరా ఉండలెక్కినట్టుండావు" అంటాడు అని. సందు చివర నుంచి అల్లం ముదురో లేతో చెప్పే మనిషి. చెయ్యి చాపితే తల తగిలేంత దగ్గరలో కూర్చోనుంటే, ఆయన తిరగలే. కిటికీలో నుంచి పత్తి చేన్లు చూసుకుంటా కూర్చున్నాడు. యాక్సిడెంటయిన తావు వచ్చినప్పుడు మాత్రం కండ్లు మూసుకున్నాడు.

నన్ను ఇంతగా మర్చిపోయినాడా, అనుకున్నాది ఆమె.

ఎమ్మిగనూరులో దిగి, మగ్గాల చప్పుడు వినపడే ఒక వీధిలోకి తిరిగినాడు ఇమాం సాబ్, కర్ర టక్కుటక్కుమనుకుంటా. ఈమె గోడలెంబడే. ఒక ఇంటి మెట్లెక్కినాడు. ముందర బోర్డేదో ఉంది గానీ ముసుగులో నుంచి చదివే ఓపిక ఎవరికుంది? లోపల నుంచి ఆడ గొంతు: "రాండి పెద్దాయనా, మీ కోసమే చూస్తాండా."

మీ కోసమే! కరీమున్నీసా గోడ ఇడిచి మెట్ల కాడికొచ్చింది. ఎక్కింది. తలుపు సందులో నుంచి చూసింది.

ఇమాం సాబ్ స్టూలు మీద కూర్చోని కండ్లు మూసుకోనుండాడు, దేగు కాడ మూసుకున్నట్టు. ఎదురుగా తెల్ల కోటేసుకున్న ఒక ఆడమనిషి. ఆమె ఏదో తీసి ఈయన ముక్కు కాడికి తెచ్చింది.

"ఇదేం వాసన, పెద్దాయనా?"

ఇమాం సాబ్ పీల్చినాడు. మళ్లా పీల్చినాడు. నుదురు ముడతలు పడింది.

"కాఫీ పొడా, రూత్ సిస్టరూ?"

"కాదు. తొందరపడొద్దు. ఇంగోసారి."

"సబ్బు."

ఆమె చేతిలో ఉండేది వెల్లుల్లి. నలిపిన వెల్లుల్లి. వాకిలి కాడ నిలబడిన కరీమున్నీసాకు, ముసుగులో నుంచే ఘాటు కండ్లల్లోకి కొడతాంది. దేగులకు దేగులు వెల్లుల్లి నూరిచ్చిన మనిషి, ముక్కు కింద పెట్టుకోని సబ్బంటాండాడు.

"నేనిచ్చిన డబ్బా వాసన చూస్తాండారా? పొద్దున, సాయంత్రం? నిమ్మ, లవంగం, గులాబీ, నీలగిరి, ఒక్కోటి తలుచుకుంటా పీల్చమన్నా కదా" అనింది రూత్.

"పోయింది సిస్టరూ. యాడ పెట్టినానో ఏమో. ఆ దెబ్బకు ముక్కుతో పాటు మతి కూడా పోయినట్టుండాది."

మతి ఆయనది పోలేదు. హులిగమ్మ ఎడం చేతి పుణ్యమాని మూడు దోవల కాడ పోయింది. కరీమున్నీసా తలుపు నూకింది.

"ఎవరమ్మా, చీటీ రాపిచ్చుకున్నారా?" అనింది రూత్.

ఆమె ముసుగు ఎత్తింది. ఇమాం సాబ్ కండ్లు తెరిచి చూసి, స్టూలు మీద నుంచి పడబోయి, కర్ర పట్టుకున్నాడు.

"ఒమ్మే, నువ్వు... ఈడ..."

"నేనే. బస్సులో నీ ఎనకనే కూర్చోనొచ్చినా, కలరా ఉండల కంపు కొట్టుకుంటా" అనింది. "ఎప్పటి నుంచప్పా?"

రూత్ చెప్పింది. తలకు దెబ్బ తగిలినప్పుడు ముక్కు నుంచి మెదడుకు పోయే సన్న నరాలు దెబ్బ తిన్నాయంట. ఉప్పు, పులుపు, కారం నాలికకు తెలుస్తాయి. వాసన మాత్రం లేదు. రావచ్చు, రాకపోవచ్చు. రోజూ గుర్తు చేస్తాంటే కొందరికి మెల్లగా తిరిగొస్తాదంట.

"ఆసుపత్రిలోనే తెలిసిందే" అన్నాడు ఇమాం సాబ్. "నేల ఫినాయిల్‌తో తుడుస్తాంటే, అందరూ ముక్కు మూసుకుంటే, నాకేం లే. నీళ్లతో తుడిచినట్టుండె."

"ఆదోనిలో డాక్టర్లు లేరా?"

"ముక్కు డాక్టరు కాడ నేను కూర్చోనుంటే, రెండో రోజుకు ఊరంతా తెలుస్తాది. ముక్కు సచ్చిన బావర్చికి దేగు ఎవరిస్తారు? అక్బర్ కూడా పక్కకు జరుపుతాడు నన్ను." అక్బర్ ఆయన తమ్ముడు, అన్న చేతి కింద పని నేర్చుకోని ఇప్పుడు సగం పని చూసుకుంటాండాడు.

"అక్బర్ సంగతి ఇడువు. నాకు చెప్పకూడదా?"

ఇమాం సాబ్ కర్ర పిడి తిప్పుకుంటా చెప్పినాడు. "ఈ ముక్కుతో నిన్ను ఎన్ని మాటలంటిని కరీమా. ఇప్పుడది పోయిందని ఏ మొగం పెట్టుకోని చెప్పేది? ఏం చెప్పాల్నో తెలియక, బాగుందంటా వస్తి."

"లేని పుదీనా కూడా?"

"లేదా దాంట్లో?"

రూత్ మొగం పక్కకు తిప్పుకున్నాది, నవ్వు దాచుకోను. కొత్త డబ్బా ఒకటి చేసిచ్చి, "ఈసారి మీరు జాగర్తగా పెట్టండమ్మా" అనింది. కరీమున్నీసా చేతులు రెండూ చాచి తీసుకున్నాది, నేరం చేసినట్టు.

బస్టాండులో బొరుగుల ఉగ్గాని, బజ్జీ కొనుక్కోని బండ మీద కూర్చున్నారు ఇద్దరూ. ఆయన బొరుగులు నములుతాంటే ఆమె అడిగింది: "ఎట్లుండాది?"

నోరు తెరిచినాడు, బాగుందనబోయి ఆగినాడు.

"మెత్తగుండాది. కారంగుండాది. అంతే తెలుస్తాంది మే."

ఇంటికొచ్చినాక మొదటిసారి చెప్పిన నిజం అది. కరీమున్నీసా తన కాగితంలోని మిరపకాయ బజ్జీ తీసి ఆయన కాగితంలో ఏసింది.

అట్లని అనుమానం పోయిందనుకున్నారా? ఇల్లు మారింది, అంతే. ఇప్పుడు అనుమానం అక్బర్ కండ్లలోకి పోయింది. ఆదోనిలోనే ఒక నిఖా పని వచ్చింది, ఇమాం సాబ్ ఉండాల్సిందేనని పెండ్లోళ్లు పట్టు పట్టినారు. పోయినాడు. ఎంట కరీమున్నీసా కూడా పోయింది, మందుల సంచి పట్టుకోని.

"వదినా, దేగుల కాడ ఆడోళ్లకేం పని? పొగకు కండ్లు మండుతాయి" అన్నాడు అక్బర్.

"మీ అన్నకు కండ్లు తిరుగుతాయంట, పక్కనుండాలని డాక్టరు చెప్పినాడు."

"ఏ డాక్టరు?"

"పెద్ద డాక్టరు."

ఇమాం సాబ్ ఎప్పటిమాదిరే దేగు కాడికి పోయి, మూత జరిపి, ఆవిరి మొగం మీదికి తోసుకోని, కండ్లు మూసుకోని పీల్చినాడు. జనమంతా గమ్మున చూస్తాండారు. కరీమున్నీసాకు ఆ ఆవిరి తగిలింది. విచిత్రమేందంటే, ఇన్నేండ్లు తిట్లు తిన్న ఆడమనిషికి ఆ తిట్లన్నీ గుర్తుండాయి. మసాలా పచ్చిగుంటే ఆయన ఏమనేటోడో తెలుసు. అడుగు పట్టేముందర వచ్చే ఆ సన్న తీపి కమురుకు ఏమని అరిచేటోడో తెలుసు. ఆ వాసన ఇంకా రాలే. కొంగు సవరించుకున్నాది. అంటే ఆగమని. ఇమాం సాబ్ "ఇంకొంచెం" అన్నాడు. కాసేపయినాక దగ్గింది. "మంట తీసేయండి" అన్నాడు.

రెండో దేగుకూ అంతే. మూడో దేగు కాడ అక్బర్ వదిన దిక్కు చూసినాడు, అన్న దిక్కు చూసినాడు.

"ఏంది వదినా, నువ్వు దగ్గినప్పుడల్లా అన్న మంట తీపిస్తాండాడే."

"పొగప్పా. నువ్వే అంటివి కదా" అనింది కరీమున్నీసా.

మూత తీసినాక అక్బర్ మొదటి ముద్ద తీసుకొచ్చి అన్నకు కాదు, వదినకిచ్చినాడు. సంగతి తెలిసిందో తెలియలేదో, ఈ రోజు దాకా ఆమె అడగలే, మరిది చెప్పలే.

డబ్బా మాత్రం తప్పలే. పొద్దున, సాయంత్రం మంచం మీద కూర్చోబెట్టి నాలుగూ పీల్పిచ్చేది. "ఇదేంది?" "తెలియదు." "ఇది?" "తెలియదు మే." ఎండాకాలమంతా తెలియదే. వానలు పడి చెనిక్కాయ చెట్లు మొలిచినా తెలియదే. హులిగమ్మ గోడ మీద నుంచి చూసి, తను పారేసిన మందే మళ్లా అక్క చేతిలో చూసి, చెంపలేసుకునేది.

ఒకరోజు సాయంత్రం కరీమున్నీసా పొయ్యి మీద పాలు పెట్టి, పక్కన కూర్చోని చెనిక్కాయలు ఒలుస్తాంది. ఇమాం సాబ్ వాకిట్లో మంచం మీద ఉండాడు. ఉన్నట్టుండి లోపలికి అరిచినాడు:

"మే! ధనియాలు మాడిపోతాండాయి చూడు మే!"

ఆమె చెయ్యి ఆగింది. పొయ్యి మీద పాలు తప్ప ఏమీ లేవు. ధనియాలు డబ్బాలో ఉండాయి, మూత కూడా తీయలే. గుండెలో ఏదో లేచింది, అంతలోనే చల్లారింది. మళ్లా మొదలుపెట్టినాడు నాటకం. అప్పుడు పొగడ్త, ఇప్పుడు తిట్టు. నన్ను సంతోషపెట్టనీకి.

బయటికొచ్చి నడుమ్మీద చెయ్యి పెట్టుకున్నాది. "ఏమప్పా, నా పొయ్యి మీద ధనియాలు లేవు. నా కోసం అబద్ధాలాడొద్దని చెప్పినానా లేదా?"

"అబద్ధమేంది? మాడుతాండాయి. నల్లగ మాడుతాండాయి" అన్నాడు ఇమాం సాబ్. ముక్కు పైకెత్తి, ఇటు తిప్పి, అటు తిప్పి, కోపంగా. ఆ కోపం ఆమెకు తెలిసిన కోపమే. అయినా నమ్మలే. ఒకసారి మోసపోయినోళ్లకు నమ్మకం అంత సులువుగా రాదు.

"ఒట్టేయ్."

"ఎవరి మీద?"

"మీ అమ్మ మీద."

ఇమాం సాబ్ నోరు తెరిచేలోగానే, గోడ అవతల నుంచి గొంతు లేచింది.

"అక్కోవ్! కరీమక్కా! దోవ ఎంబడి పోయేదానితో మాటల్లో పడి ధనియాలన్నీ మాడబెట్టుకుంటినే. రవ్వన్ని ఉంటే ఇస్తావా?"

కరీమున్నీసా గోడ దిక్కు చూసింది. మొగుని దిక్కు చూసింది. ఇమాం సాబ్ ఆమెను చూడనే లేదు. కండ్లు మూసుకోని, అరచేత్తో గాలిని మొగం మీదికి తోసుకుంటా, గోడ దిక్కుకు వంగి పీలుస్తాండాడు.

లోపల పాలు పొంగిపోయినాయి.

"మే, పాలు" అన్నాడు ఇమాం సాబ్, కండ్లు తెరవకుండానే.

అత్తమ్మ తిరిగొచ్చింది కదా, కరీమున్నీసా తల మీదికి కొంగు లాక్కోని లోపలికి పోయింది.